ఐదడుగుల అక్వేరియం ఇంట్లోనే కట్టుకోవడం ఎలా: అద్దం కోయించడం నుంచి చేపలు దించేదాకా

హన్మకొండలో మా ఇంటి హాల్లో ఐదడుగుల అక్వేరియం ఉంది. అద్దాలు కోయించి నేనే అతికించాను. దీనికంటే ముందు నాలుగడుగుల తొట్టి ఒకటి కట్టాను. నీళ్ళు పోసిన పదకొండో రోజు రాత్రి అది కింది మూల నుంచి కారడం మొదలైంది. ఇంట్లో వాళ్ళందరం లేచి బకెట్లతో తోడాం. రెండు చేపలు దక్కలేదు. మర్నాడు ఆ మూల విప్పి చూస్తే అద్దం పగల్లేదు, సిలికాన్ తెగలేదు. సిలికాన్ అద్దాన్ని వదిలేసి, టేపు ఊడినట్టు ఒకే పట్టీగా ఊడి వచ్చింది. అతికించే ముందు ఆ అంచును తుడిచాక చేత్తో ముట్టుకున్నట్టు గుర్తొచ్చింది. చెమట చేయి, అంతే. అందుకే ఇందులో ఎక్కువ భాగం అతుకు గురించే ఉంటుంది. ఫిల్టరు, లైటు లాంటివి తర్వాత మార్చుకోవచ్చు. అతుకును మార్చడమంటే తొట్టి మొత్తం విప్పడమే.

కొలత, మందం

ఇక్కడ చెప్పే తొట్టి బయటి కొలతలు పొడవు 1500 మి.మీ., వెడల్పు 600, ఎత్తు 600. సుమారుగా ఐదడుగులు, రెండడుగులు, రెండడుగులు. షాపులో ఫీట్లు, ఇంచుల్లో చెప్తే తలా ఒక తీరుగా లెక్క వేస్తారు. కాగితం మీద మిల్లీమీటర్లలోనే రాసి ఇవ్వండి.

పొడవు పెంచితే పెద్ద ఇబ్బంది లేదు, ఎత్తు పెంచేటప్పుడే ఆలోచించాలి. నీటి ఒత్తిడి లోతును బట్టి పెరుగుతుంది. ఎన్ని నీళ్ళున్నాయన్నది దానికి పట్టదు. పాకాల, రామప్ప లాంటి కాకతీయుల నాటి చెరువుల కట్టలు చూడండి. అడుగున ఎంతో వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. లోతు దగ్గర నీళ్ళు గట్టిగా తోస్తాయని ఆ కట్టలు కట్టినవాళ్ళకు బాగా తెలుసు. మన తొట్టిలో 540 మి.మీ. ఎత్తు నీళ్ళుంటే, ముందు అద్దం ఒక్కదాని మీదే దాదాపు 215 కిలోల తోపుడు పడుతుంది. రెండు క్వింటాళ్ళకు పైనే, రాత్రీ పగలూ, ఏళ్ళ తరబడి.

ఈ ఎత్తుకు 12 మి.మీ. అద్దం కావాలి. అక్వేరియం కట్టేవాళ్ళు 3.8 రెట్ల భద్రత పెట్టుకుని లెక్క వేస్తారు. అంటే అద్దానికి ఉన్న బలంలో సుమారు నాలుగో వంతే వాడుకుంటారు. ఆ లెక్కన మన తొట్టికి 11.9 మి.మీ. వస్తుంది. ఎత్తును ఇంకో అరడుగు పెంచి 750 చేస్తే లెక్క 16 దాటుతుంది. అద్దం ధర, బరువు అమాంతం పెరుగుతాయి, అంత లోతులో అడుగు తుడవడానికి చేయి కూడా అందదు. రెండడుగుల ఎత్తు దాటొద్దని నా సలహా.

షాపులో తప్పకుండా అంటారు, "గింత మందం ఎందుకన్నా, పది సాలదా?" అని. కిటికీకి, షోకేసుకు పది చాలు. నీళ్ళకు చాలదు. అక్కడ మెత్తబడకండి.

మామూలు ఫ్లోట్ గ్లాసే (కిటికీలకు వాడే సాదా అద్దం) తీసుకోండి. టఫెండ్ అద్దం (వేడి చేసి గట్టిపరిచినది) బలమైనదే కానీ ఒకసారి తయారయ్యాక దాన్ని కోయలేం, రంధ్రం వేయలేం. పగిలితే మొత్తం ఒక్కసారిగా ముక్కలైపోతుంది.

ముక్కల కొలతలు ఇవి:

- అడుగు: 1500 × 600, ఒకటి
- ముందు, వెనక: 1500 × 588, రెండు
- పక్కలు: 572 × 588, రెండు
- పై పట్టీలు (పొడుగు అద్దాలు ఉబ్బకుండా లోపల పైన అతికించేవి): 1470 × 80, రెండు
- అడ్డపట్టీ: 572 × 150, ఒకటి

గోడలు నాలుగూ అడుగు అద్దం మీద నిలబడతాయి. పక్క అద్దాలు ముందు, వెనక అద్దాల మధ్యలో కూర్చుంటాయి. 600 లోంచి రెండు అద్దాల మందం 24, రెండు అతుకుల సందు 4 తీసేస్తే 572. ఈ తీసివేత మరిచిపోతే పక్క అద్దాలు ముందు అద్దాన్ని బయటికి నెట్టేస్తాయి. అద్దాలన్నీ 12 మందమే, పట్టీలు కూడా. మొత్తం బరువు 110 కిలోల దగ్గర ఉంటుంది. ముందు అద్దం ఒక్కటే 26 కిలోలకు పైన.

అన్ని అంచులకూ గ్రైండింగ్ చేయించండి. పైన చేతికి తగిలే అంచులకు పాలిష్ కూడా చేయిస్తే మంచిది. డబ్బులిచ్చే ముందు షాపులోనే కొలవండి. రెండు పక్క అద్దాలను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి పైఅంచు మీద వేలు నడిపితే తేడా వెంటనే తెలుస్తుంది. ఒకసారి నాకు ఒక షాపులో మూడు మి.మీ. పొట్టి ముక్క ఇచ్చారు. ఇంటికొచ్చాక గాని చూసుకోలేదు, అది వృథా అయింది. పెద్ద అద్దాల మూలలు కూడా చూడాలి. అడుగు అద్దానికి మూల నుంచి మూలకు 1615 లేదా 1616 మి.మీ. రావాలి, రెండు వైపులా ఒకేలా. అంచున పెచ్చు లేచిన ముక్క వద్దు. పగులు అక్కడి నుంచే బయల్దేరుతుంది.

తెచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో అద్దాలను నిలువుగా, కొంచెం ఏటవాలుగా ఆనించి తేవాలి. పడుకోబెడితే గుంతల్లో మధ్యకు విరుగుతాయి. కింద వరిగడ్డి గానీ పాత జంపఖానా గానీ పరచండి. కొత్తవాడ జంపఖానా మడతపెట్టి వేస్తే అంతకన్నా మంచి పరుపు లేదు.

ఎక్కడ పెట్టాలి, దేని మీద పెట్టాలి

నీళ్ళు 460 లీటర్లు, అద్దం 110 కిలోలు, ఇసుక 60, రాళ్ళు 20, స్టాండు 50. మొత్తం 700 కిలోలు. ఇదంతా పది చదరపు అడుగుల్లోపు పడుతుంది. కింది అంతస్తులో, గట్టి నేల మీద అయితే టెన్షన్ లేదు. పై అంతస్తు అయితే గది మధ్యలో అస్సలు వద్దు. గోడ పక్కన, కింద బీమ్ వెళ్ళే చోట పెట్టాలి. ఇళ్ళ స్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వాడకం బరువు లెక్కతో కడతారు. మన తొట్టి కింద అది 750 దాటుతుంది. బరువు చుట్టూ పంచుకుంటుంది, నిజమే. కానీ మీ స్లాబు సంగతి ఇల్లు చూసిన ఇంజనీరే చెప్పాలి. ఒక్కసారి పిలిచి చూపించండి.

స్టాండుకు 50 మి.మీ. ఇనుప స్క్వేర్ పైపు, గోడ మందం 2.5 మి.మీ.కి తగ్గకుండా. ఆరు కాళ్ళు, ఎత్తు 750. వెల్డింగ్ షాపులో ఒక మాట గట్టిగా చెప్పండి: పై చట్రం కాళ్ళ తలల మీద కూర్చోవాలి. కాళ్ళ పక్కకు అతికిస్తే బరువంతా వెల్డింగ్ మీద పడుతుంది. ఒక్కో కాలి కింద 100 × 100 ఇనుప పలక వేయించండి, లేకపోతే బండలు పగులుతాయి. రెడ్ ఆక్సైడ్ కొట్టి ఆ పైన పెయింటు వేయండి.

మన ఇళ్ళలో నేలకు కొంచెం వాలు ఉంటుంది, కడిగిన నీళ్ళు పోవడానికి. కాబట్టి స్టాండును అది నిలిచే చోటనే పెట్టి రసమట్టంతో పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు చూడండి. తేడా ఉంటే కాలి పలకల కింద పలుచటి ఇనుప రేకు ముక్కలు పెట్టి సరిచేయాలి. తొట్టి కింద ఎప్పుడూ ఏ ముక్కా దూర్చకండి. స్టాండు మీద 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, దాని మీద గట్టి రకం థర్మోకోల్ షీటు. చిన్న ఇసుక రవ్వ ఉన్నా థర్మోకోల్ దాన్ని మింగేస్తుంది. అది లేకపోతే ఆ రవ్వే అడుగు అద్దాన్ని పగలగొడుతుంది.

సిలికాన్, కాలం

వెనిగర్ వాసన వచ్చే రకం, అసిటిక్ సిలికాన్, అదీ అద్దానికి లేదా అక్వేరియంకు అని రాసి ఉన్నది కొనండి. బాత్రూమ్‌లకు వాడే బూజు పట్టని రకం ముట్టుకోవద్దు. అందులో బూజును చంపే మందు చేపలనూ చంపుతుంది. తయారీ తేదీ చూసుకోండి, పాత ట్యూబు సరిగ్గా గట్టిపడదు. మన తొట్టికి మూడు నాలుగు ట్యూబులు పడతాయి. ఐదు కొనిపెట్టుకోండి. సగం అతుకు దగ్గర ట్యూబు అయిపోయి బజారుకు పోయి వస్తే ఆ అతుకు పాడైనట్టే. ఎందుకంటే ఆరిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ సరిగా అంటదు.

సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది. పైపొర నిమిషాల్లో తోలు కట్టేస్తుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. జోరు వానల్లో అద్దం అంచున కంటికి కనిపించని తేమ పొర నిలుస్తుంది. దసరాకు, సంక్రాంతికి మధ్య ఉన్న రోజులే ఈ పనికి మంచివి. అద్దాలను ముందు రాత్రే గదిలోకి తెచ్చి పెట్టుకోండి.

అతికించడం

ముగ్గురు ఉండాలి. మాకు మా బావమరిది ఒక వైపు, పక్కింటి తమ్ముడు ఒక వైపు పట్టుకున్నారు, సిలికాన్ గన్ను నా చేతిలో. కిటికీలు తెరవండి, ఫ్యాను ఆపండి, దుమ్ము లేస్తుంది. కాళ్ళకు బూట్లు, చేతులకు గ్లౌజులు వేసుకోండి.

ముందుగా సిలికాన్ లేకుండానే అన్నీ నిలబెట్టి టేపుతో కట్టి చూడండి. ఏ ముక్క ఎటు తిరిగి ఉందో మార్కర్‌తో గుర్తు రాయండి. తర్వాత విప్పి, లోపలి మూలల్లో మాస్కింగ్ టేపు అంటించండి. అడుగు అద్దం మీద అంచు నుంచి 18 మి.మీ. వదిలి టేపు వేస్తే, గోడ మందం 12 పోగా లోపల 6 మి.మీ. సిలికాన్ పట్టీ వస్తుంది. నిలువు మూలల్లోనూ అంతే.

ఇప్పుడు అసలు పని. అతికే ప్రతి అంచునూ అసిటోన్‌తో తుడవాలి. కొత్త గుడ్డ, పోగులు రానిది. ఒకసారి తుడిచి, గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడవండి. గుడ్డ మీద మరక రాకుండా పోయేదాకా. తుడిచిన అంచు మీద వేలు పెట్టకూడదు, నోటితో ఊదకూడదు, పొరపాటున తగిలితే మళ్ళీ తుడవాలి. సాయం చేసేవాళ్ళకు ముందే చెప్పండి, అద్దాన్ని పట్టేటప్పుడు చేతులు సహజంగా అంచు మీదికే పోతాయి.

అడుగు అద్దాన్ని చదునైన బల్ల మీద థర్మోకోల్ వేసి పడుకోబెట్టండి. టైల్స్ వేసేవాళ్ళు వాడే 2 మి.మీ. ప్లాస్టిక్ స్పేసర్లను అంచు వెంట జానెడుకొకటి, సగం బయటికి ఉండేలా పెట్టండి. ఇవి ఎందుకంటే, అద్దానికి అద్దం తగలకూడదు. మధ్యలో ఉన్న రెండు మి.మీ. సిలికానే సాగుతూ ముడుచుకుంటూ బరువును ఓర్చుకుంటుంది. గట్టిగా నొక్కేసి సిలికాన్ అంతా బయటికి పిండేస్తే మిగిలేది పలుచటి పొర, దానికి సాగే గుణం ఉండదు.

వరుస ఇలా: మొదట వెనక అద్దం, తర్వాత రెండు పక్కలు, చివర ముందు అద్దం. వెనక అద్దం కూర్చునే గీత పొడవునా, అంచుకు మధ్యలో, 6 మి.మీ. లావు సిలికాన్ తాడును ఆపకుండా వేయండి. ఎక్కడా తెగకూడదు. అద్దాన్ని నిలువుగా పైనుంచి దించాలి, జరిపితే సిలికాన్ చెరిగిపోతుంది. స్పేసరు తగిలేదాకా నెమ్మదిగా నొక్కండి. రెండు వైపులా పొడవునా సిలికాన్ పొంగి రావాలి. పొంగని చోట లోపల ఖాళీ ఉన్నట్టు. పక్క అద్దాలకు కింది అంచు గీత మీద, నిలువు అంచుల మీద రెండింటికీ సిలికాన్ వేసి, వెనక అద్దానికి ఆనిస్తూ దించండి. మూలమట్టం పెట్టి చూడండి. చివరగా ముందు అద్దం. నాలుగు వైపులా బలమైన టేపుతో బిగించండి, కానీ పిండేయకండి.

పది నిమిషాలకు పైపొర కట్టేస్తుంది కాబట్టి ఒక్కో అద్దం కూర్చోగానే దాని మూలలో అదనంగా కొంచెం సిలికాన్ వేసి, గ్లౌజు వేలితో ఒకే లాగుడుగా నునుపు చేసి, వెంటనే మాస్కింగ్ టేపు లాగేయాలి. ఆలస్యమైతే టేపుతో పాటు సిలికాన్ చీరుకొస్తుంది. ఈ లోపలి పట్టీ బలానికి కాదు. అద్దాల మధ్య ఉన్న అసలు అతుకును బ్లేడు గోకుడు నుంచి, చేపల నుంచి కాపాడుతుంది.

బయటి నుంచి అతుకులోకి చూడండి. చిన్న చిన్న బుడగలు పరవాలేదు. 12 మి.మీ. వెడల్పు అంతా దాటిన బుడగ ఉంటే మాత్రం అది నీటికి దారి. పచ్చిగా ఉన్నప్పుడే విప్పి, గీకి, తుడిచి మళ్ళీ చేయండి. మనసు ఒప్పదు, అయినా చేయండి.

రెండు రోజుల తర్వాత స్పేసర్లు లాగేసి ఆ బొక్కలు పూడ్చండి. అప్పుడే పై పట్టీలు: పైఅంచు నుంచి 40 మి.మీ. కిందికి, ముందు అద్దానికి ఒకటి, వెనక అద్దానికి ఒకటి, లోపలి వైపు పడుకోబెట్టి అతికించాలి. ఆరేదాకా కింద చెక్క ముక్కలు ఆనించి ఉంచండి. అడ్డపట్టీ వాటి మీద, మధ్యలో. పొడుగు అద్దాలు బయటికి ఉబ్బకుండా పట్టి ఉంచేవి ఇవే.

ఆరనివ్వడం, పరీక్ష

సిలికాన్ రోజుకు రెండు మూడు మి.మీ. లోతు గట్టిపడుతుంది, అదీ గాలి తగిలే వైపు నుంచే. 12 మి.మీ. వెడల్పు అతుకు మధ్య భాగానికి ఎన్ని రోజులు పడుతుందో ఊహించండి. రెండు వారాలు ఆగండి. లోపల తల పెడితే వెనిగర్ వాసన ఏమాత్రం రాకూడదు. వస్తుంటే ఇంకా ఆగాలి. ఇంట్లో వాళ్ళు రోజూ అడుగుతారు, చేపలెప్పుడని. పిల్లలకు క్యాలెండర్ మీద తేదీ రాసి చూపించాను.

తొట్టిని స్టాండు మీదికి ఎక్కించడానికి నలుగురు కావాలి. పట్టీలను పట్టుకుని ఎత్తకండి, అడుగు కింద చేతులు పెట్టి ఎత్తండి. నీళ్ళు పోసే ముందు ముందు అద్దం మీద ఒక చివర నుంచి మరో చివరకు దారం బిగించి కట్టి, మధ్యలో సందు ఎంతుందో చూసుకోండి. కింద చుట్టూ పొడి న్యూస్‌పేపరు పరవండి. చుక్క పడినా మచ్చ కనిపిస్తుంది.

మొదటి రోజు పావు వంతు. ఒక రోజు ఆగి సగం. ఇంకో రోజు ఆగి 540 దాకా. ఇరవై లీటర్ల బకెట్లయితే 23. నిండాక మూడు రోజులు అలాగే వదలండి. నీటి మట్టం దగ్గర టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి. ఆవిరై కొంచెం తగ్గుతుంది, కంగారు పడకండి. పేపరు తడిస్తేనే కారినట్టు. మధ్యలో అద్దం మిల్లీమీటరు అటు ఇటుగా ఉబ్బడం సహజం. అది రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం ఆలోచించకుండా ఖాళీ చేయండి. కారితే లోపలి నుంచి పైపూత పూసి సరిపెట్టుకోవద్దు. పాత సిలికాన్ మీద కొత్తది నిలవదు. ఆ అద్దం విప్పి మొత్తం గీకి మళ్ళీ అతికించడమే దారి.

లోపల ఏం వేయాలి

ఇసుకను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. రాళ్ళకు మన నేల మీది గ్రానైటే మేలైనది, నీటి గుణాన్ని మార్చదు. మిగిలిన షాబాద్ బండ ముక్కలు అందంగా ఉన్నాయని వేయకండి. అది సున్నపురాయి, నెమ్మదిగా కరిగి నీటిని గట్టిపరుస్తుంది. అనుమానం ఉన్న రాయి మీద నిమ్మరసం పిండండి, నురగ వస్తే పక్కన పెట్టేయండి. బరువైన రాళ్ళను ఇసుక పోయకముందే, కింద ప్లాస్టిక్ షీటు వేసి కూర్చోబెట్టాలి. ఇసుక మీద పెడితే చేపలు తవ్వినప్పుడు ఒరిగి అద్దానికి కొట్టుకుంటాయి.

నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. యాంటీ క్లోరిన్ వేయండి, లేదా గాలి మోటారు పెట్టి ఒక రోజు వదిలేయండి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు, కానీ మన వైపు చాలా బోర్లవి గట్టి నీళ్ళు, బకెట్లకు తెల్ల పొర కడుతుంది. అలాంటి నీళ్ళలో ఆఫ్రికన్ సిక్లిడ్లు హాయిగా ఉంటాయి. మెత్తని నీళ్ళు కోరుకునే చేపలు నలుగుతాయి.

ఫిల్టరు గంటకు 2000 లీటర్ల వరకు తిప్పేది కావాలి. కింద సంప్ (ఫిల్టరుగా పనిచేసే రెండో తొట్టి) పెట్టాలనుకుంటే రంధ్రాలు అతికించకముందే షాపులో వేయించుకోవాలి. తర్వాత చాలా కష్టం. కరెంటు వైరు తొట్టి నుంచి కిందికి వేలాడి, మళ్ళీ పైకి ప్లగ్గులోకి వెళ్ళాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. ఎండాకాలం రాత్రి గంటసేపు కరెంటు లేకపోతే గాలి అందక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మేలో నీళ్ళు వేడెక్కితే నీటి పైభాగానికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

నీళ్ళు నిండగానే చేపలు వేయొద్దు. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నడుస్తున్న అక్వేరియం ఉన్న వాళ్ళ దగ్గర వాడిన స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టరులో పెడితే చాలా తొందరగా అవుతుంది. మొదట నాలుగైదు గట్టి చేపలు, రెండు వారాలకోసారి మరికొన్ని.

ఈ తొట్టిలో ఒక జత ఆస్కార్లు బాగా ఉంటాయి, అడుగు దాకా పెరుగుతాయి. మన రాష్ట్ర చేప కొర్రమేనును పెంచాలనుకునేవాళ్ళు పైన బరువైన మూత పెట్టుకోవాలి. అది ఎగిరి దూకుతుంది, నీళ్ళ బయట కూడా గాలి పీల్చుకుంటూ ఇంటి మూలకు చేరుతుంది. పాచి తింటుందని షాపులో అంటగట్టే సక్కర్ చేపను ఆలోచించి తీసుకోండి. అరచేయంత ఉన్నది అడుగుకు పైన పెరుగుతుంది. పెరిగాక ఇంట్లో పట్టక దాన్ని వడ్డేపల్లి చెరువులోనో భద్రకాళి చెరువులోనో వదలడం చాలా తప్పు. ఆంధ్రలో జాలర్లు దెయ్యం చేప అనేది దీన్నే. వలలు చింపుతుంది, మన చేపల గుడ్లు తింటుంది, ఒకసారి చెరువులో పడితే తీయడం ఎవరి వల్లా కాదు. వద్దనుకుంటే షాపుకే తిరిగి ఇవ్వండి.

వారానికి పావు వంతు నీళ్ళు మార్చేటప్పుడు అద్దం గీకే బ్లేడును మూలల సిలికాన్‌కు వేలెడు దూరంలోనే ఆపండి. ఆర్నెల్లకోసారి టార్చి వేసి అతుకులన్నీ బయటి నుంచి చూడండి. నల్లగా ఉండాల్సిన చోట, లేదా పారదర్శకంగా ఉండాల్సిన చోట, తెల్లటి మెరుపు పాకుతుంటే అక్కడ సిలికాన్ అద్దాన్ని వదులుతున్నట్టు. ఆ రోజే చేపలను టబ్బులోకి మార్చి తొట్టి ఖాళీ చేయండి.